ఊరికి పోయిన బాపమ్మ: ఒక కేస్ స్టడీ

హనుమకొండలో పిల్లల కౌన్సెలర్‌గా పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువ మందిని చదువు గురించో, మొబైల్ గురించో, పరీక్షల టెన్షన్ గురించో తీసుకొస్తారు. ఇంట్లో ఒక మనిషి చనిపోయాక పిల్లని తీసుకొచ్చేవాళ్లు చాలా తక్కువ. చిన్నపిల్లలకు ఏం తెలుస్తుంది, నాలుగు రోజులైతే వాళ్లే మర్చిపోతారు అనుకుంటాం. ఈ పాప మర్చిపోలేదు. ఈ కేసులో నేను ఒకచోట సరిగ్గా ఆలోచించాను, రెండుచోట్ల తప్పు చేశాను. ఆ తప్పులు ఇంకో కౌన్సెలర్ చేయకూడదనే రాస్తున్నాను.

ఇంటివాళ్ల అనుమతి ఉంది. ఊరి పేరు చెప్పడం లేదు, మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసింది వాళ్లకు చదివి వినిపించాను. పాపను ఇక్కడ చిన్ని అని పిలుస్తాను.

ఇల్లు, ఆ ఇంటి పెద్దామె

వరంగల్ నుంచి గంటన్నర బస్సు ప్రయాణం. పత్తి, మిర్చి పండే ఊరు. చిన్ని తండ్రి డీసీఎం నడుపుతాడు. సీజన్‌లో రైతుల మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చి, లైన్‌లో బండి పెట్టుకుని రాత్రంతా అక్కడే ఉంటాడు. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. తండ్రి బండి మీద, తల్లి మిషన్ మీద ఉంటే, చిన్నిని పెంచింది బాపమ్మ. అంటే తండ్రి తల్లి.

ఆమె ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్. 1975 అక్టోబర్ 2న దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే పథకం) వాళ్ల ఊరి దాకా వచ్చేసరికి ఆమె ఆ ఇంటికి కొత్త కోడలు. చదువుకున్న కోడలని ఊరివాళ్లే పట్టుబట్టి పెట్టించారట. మొదట్లో సెంటర్‌కు గది లేదు. వాళ్ల ఇంటి అరుగు మీదే నడిచింది. పిల్లల్ని తూచే తక్కెడ వాళ్ల వసారా దూలానికే వేలాడేది. ఆ కొక్కెం ఇప్పటికీ ఉంది, నేను చూశాను. బరువు చార్టులో ఎరుపు గీత కింద ఎవరి బిడ్డ ఉంటే ఆ రోజు సాయంత్రం ఆమె వాళ్లింట్లో ఉండేది. పొయ్యి దగ్గర కూర్చుని, ఆ పిల్ల తినేదాకా లేచేది కాదు. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు సెంటర్‌లోనే ఒక పూట భోజనం మొదలైనప్పుడు, గుడ్డును కొంగులో కట్టుకుపోయి ఇంట్లో మగవాళ్లకు పెట్టే కోడళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించేదని తల్లి చెప్పింది. "నన్ను గూడ గట్లనే తినిపిచ్చింది మేడం, చిన్ని కడుపుల ఉన్నప్పుడు" అంది.

పలక కంటే ముందు చాట. చాటలో బియ్యం పరిచి, పిల్ల చూపుడు వేలు తన చేత్తో పట్టుకుని అందులో అక్షరం గీయించేది. లెక్కకు చింతగింజలు. ఒకవైపు గరుకు బండ మీద తెల్లగా అరగదీసినవి, ఒక పాత హార్లిక్స్ సీసా నిండా ఉండేవి. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా పొద్దున్నే చిన్నిని తీసుకుని సెంటర్‌కు వెళ్లి, గోడకానుకుని కూర్చునేది. కొత్త టీచర్ రిజిస్టర్లు రాసుకుంటుంటే ఈమె పిల్లల ముక్కులు తుడిచేది. చిన్నికి ఇంట్లోనూ ఆమే, బడిలోనూ ఆమే. ఇంట్లో బాపమ్మ, సెంటర్‌లో అడుగు పెట్టగానే టీచర్. ఆ తేడా చిన్ని ఎప్పుడూ తప్పేది కాదట.

మే నెలలో ఒక సాయంత్రం తలనొప్పి అని తొందరగా పడుకుంది. తెల్లవారి లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మాట లేదు, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. బీపీ ఎక్కువై మెదడులో రక్తనాళం పగిలిందని దవాఖానాలో చెప్పారు. మూడో రోజు ప్రాణం పోయింది. అరవై ఆరేళ్లు.

ఆ పొద్దునే చిన్నిని అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపించేశారు. దినాలయ్యాకే తీసుకొచ్చారు. పాప తిరిగొచ్చేసరికి ఇంట్లో బాపమ్మ మంచం లేదు. గోడకు చాలా ఎత్తున దండ వేసిన ఒక ఫోటో ఉంది.

వాళ్లు చెప్పిన సమస్య

ఆగస్టు మొదటి వారంలో వచ్చారు. జూన్‌లో పాపను ఒకటో తరగతికి పక్క ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో వేశారు. పొద్దున వ్యాన్ హారన్ వినపడగానే కడుపు పట్టుకుని వంగిపోతుంది. పిల్లల డాక్టర్‌కు చూపించి స్కానింగ్ తీయించారు, ఏమీ లేదన్నారు. బడికి వెళ్లినా నోరు తెరవదు. హాజరు పిలిస్తే పలకదు. పలికేదాకా నిలబెట్టారు కూడా. ఇంట్లో తల్లితో అవసరానికి నాలుగు మాటలు. తండ్రి బండి తాళంచెవి అందుకుంటే కాళ్లకు చుట్టుకుని ఒకటే కేకలు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించారు. దాన్ని తీసేయమని నేను అనలేదు. పాపకు దానివల్ల హాని లేదు, తల్లికి దానివల్ల కొంచెం ధైర్యం ఉంది.

అంతా చెప్పి, లేచి వెళ్లబోతూ తల్లి అంది: "ఇంకోటి మేడం. సాయంత్రం బస్సు వచ్చే యాళ్లకు స్టేజీ కాడికి పోయి నిలవడ్తది. బస్సు పోయినంక ఇంటికొస్తది. దినాం."

మళ్లీ కూర్చోమన్నాను. బాపమ్మ ఏమైందని పాపకు చెప్పారు అని అడిగాను. మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తల్లి "ఊరికి పోయింది" అని చెప్పింది. తండ్రి "దవాఖానల ఉన్నది" అన్నాడట. మేనత్త "దేవుని దగ్గరికి పోయింది" అంది. పక్కింటావిడ ఆకాశంలో చుక్కను చూపించింది. ఇంటి మొత్తానికి ఒక కట్టుబాటు కూడా ఉంది: పాప ముందు ఎవరూ ఏడవకూడదు, ఆ మాట ఎత్తకూడదు.

ఆ నాలుగు జవాబుల్లో పాప ఒకటి ఎంచుకుంది. ఊరికి పోయినవాళ్లు బస్సులో వస్తారు. అందుకే స్టేజీ. "ఊరికి పోయొస్త" అని తండ్రి తాళంచెవి తీస్తే కేకలు ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. ఆ ఇంట్లో ఊరికి పోయినవాళ్లు తిరిగి రావడం లేదు.

మొదటి నిర్ణయం: నిజం ఎవరు చెప్పాలి

ముందు నాకు నేను వేసుకున్న ప్రశ్న, దీనికి ఏం పేరు పెట్టాలి అని. బడిలో మాట్లాడకపోవడం చూస్తే సెలెక్టివ్ మ్యూటిజం, అంటే మాట వచ్చిన పిల్ల కొన్ని చోట్ల మాత్రం నోరు తెరవలేకపోవడం, అనిపిస్తుంది. కానీ సెంటర్‌లో మూడేళ్లు గలగలా మాట్లాడిన పిల్ల. మాట ఆగిపోయింది మే తర్వాతే. దీర్ఘకాల దుఃఖ రుగ్మత అనడానికి పిల్లల్లో కనీసం ఆరు నెలలు గడవాలి. మనకు మూడు నెలలే అయింది. అందుకని ఏ పేరూ పెట్టలేదు. నిద్ర, తిండి, బరువు మాత్రం రాసుకోమన్నాను. తిండి పూర్తిగా మానేసినా, నెల దాటినా ఏ మార్పూ లేకపోయినా సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతానని మొదటి రోజే చెప్పాను. రాత్రిపూట వాళ్లకు కాలు చెయ్యి ఆడకపోతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 కూడా రాసిచ్చాను.

చావు గురించి పిల్లల ఊహలను 1948లో హంగరీలో మరియా నాజ్ అనే ఆమె రాసిపెట్టింది. అయిదేళ్ల లోపు పిల్లలకు చావంటే ఒక ప్రయాణం, పోయినవాళ్లు ఎక్కడో ఉంటారు అని ఆమె గమనించింది. తర్వాత వచ్చిన పరిశోధన ఇంకొంచెం వివరంగా చెప్పింది. పోయినవాళ్లు తిరిగి రారు, శరీరం పని ఆపేస్తుంది, అందరికీ వస్తుంది, దానికో కారణం ఉంటుంది, ఈ నాలుగూ అయిదు నుంచి ఏడేళ్ల మధ్య చాలామంది పిల్లలకు అర్థమవుతాయి. చిన్ని సరిగ్గా ఆ వయసులో ఉంది. అర్థం చేసుకోగల పిల్లను మనమే వెనక్కి నెట్టి, ప్రయాణం కథ దగ్గర నిలబెట్టాం.

నిజం చెప్పాలి, అందులో నాకు సందేహం లేదు. ఎవరు చెప్పాలన్నదే ఆలోచించాను. నేను చెబితే సులువు, నాకది అలవాటు. కానీ పాపకు నమ్మకం పోయింది ఇంట్లో, నా గదిలో కాదు. పోయిన చోటే అది తిరిగి రావాలి. అందుకని తండ్రే చెప్పాలన్నాను. ఆయన రెండు వారాలు వాయిదా వేశాడు. "మా అవ్వ సచ్చిపోయిందని నా నోటితోని నేనింత వరకు అనలే మేడం" అన్నాడు. ముందు నాతో అన్నాడు, ఏడ్చాడు. పాప ముందు కూడా ఏడుపు వస్తే రానీయమని చెప్పాను.

వాడకూడని మాటలు చెప్పాను: ఊరికి పోయింది, నిద్రపోయింది, దేవుడికి ఇష్టమై తీసుకుపోయాడు. నిద్రపోయింది అంటే పాప నిద్రపోవడానికి భయపడుతుంది. దేవుడికి ఇష్టమై అంటే దేవుడికి తర్వాత ఎవరు ఇష్టమవుతారో అని చూస్తుంది. దేవుడి మీద ఇంటివాళ్ల నమ్మకం వాళ్లది, దాన్ని నేను కాదనను. కానీ ముందు శరీరం సంగతి తేలాలి. ఆ తర్వాత ఏ నమ్మకమైనా చెప్పుకోవచ్చు.

తండ్రి తన ఇంట్లో, గడప మీద కూర్చుని చెప్పాడు. బాపమ్మ చనిపోయింది బిడ్డా, ఇక రాదు, నీకు అబద్ధం చెప్పినం. పాప చాలాసేపు ఊరుకుని, "లేగ లెక్కనా?" అని అడిగిందట. కిందటేడు వాళ్ల బర్రె దూడ చచ్చిపోయినప్పుడు బాపమ్మే పాపను పక్కన కూర్చోబెట్టుకుని దూడ ఇక పాలు తాగదు, దానికి నొప్పి ఉండదు, లేవదు అని చెప్పింది. దూడ చెవి పట్టుకుని చూడనిచ్చింది. అంటే మేం చెప్పాల్సిన పాఠం టీచరమ్మ ముందే చెప్పి వెళ్లింది. తండ్రి అవునన్నాడు. పాప వేసిన రెండో ప్రశ్న: "మరి ఊరికి పోయిందని ఎందుకు చెప్పిన్రు?"

దానికి తండ్రి దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాడు. అది మంచి జవాబే అనుకుంటాను.

వారంలో స్టేజీ దగ్గరికి వెళ్లడం ఆగిపోయింది. తండ్రి బండి తీస్తే కేకలు కూడా తగ్గాయి, ఎప్పుడొస్తాడో టైం చెప్పి వెళ్లడం అలవాటు చేశాం. బడిలో మాట మాత్రం రాలేదు. పొద్దున కడుపునొప్పి అలాగే ఉంది.

నా పొరపాటు: పుస్తకం

చనిపోయినవాళ్లతో బంధం తెంచుకోవడం దుఃఖానికి వైద్యం కాదని, ఆ బంధాన్ని ఇంకో రూపంలో నిలుపుకోవచ్చని 1990ల నుంచి ఈ రంగంలో గట్టిగా చెప్తున్నారు. నాకూ ఆ దారి మీద నమ్మకం. పాప కోసం బాపమ్మ జ్ఞాపకాల పుస్తకం ఒకటి చేద్దామన్నాను. ఆమె దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలు ఇప్పుడు నర్సులు, కండక్టర్లు, రైతులు. కొందరు హైదరాబాద్‌లో ఉన్నారు. తండ్రి వాట్సాప్‌లో అడిగాడు. రెండు వారాల్లో ముప్పైకి పైగా మెసేజ్‌లు వచ్చాయి. అన్నీ చదివాను. నేను కూడా చిన్నప్పుడు ఒక బాలవాడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్నే. చదువుతుంటే నా గొంతు పట్టేసింది. అక్కడే నేను దారి తప్పాను.

రంగు కాగితాల మీద రాయించి, ఫోటోలు అతికించి, నా గదిలో చిన్ని ముందు పెట్టాను. మొదటి పేజీ చదివాను. మా అందరికీ అమ్మలాంటిది, కోపం అంటే ఎరగదు, సాక్షాత్తూ దేవత. చిన్ని పుస్తకం మూసింది. బోర్లా తిప్పి చాప కిందికి తోసింది. "ఇది మా బాపమ్మ గాదు" అంది.

నిజమే కదా. చిన్ని బాపమ్మకు కోపం వచ్చేది. ఆకు వక్క నమిలి నమిలి పళ్లు ఎర్రగా ఉండేవి. జడ వేసేటప్పుడు కదిలితే దువ్వెనతో నెత్తి మీద ఒకటి వేసేది. నేను తెచ్చిన పుస్తకంలో ఆమె లేదు, పెద్దవాళ్ల దుఃఖం ఉంది. దాన్ని తీసుకొచ్చి ఆరేళ్ల పిల్ల ఒళ్లో పెట్టాను. గోడ మీది ఫోటో సంగతి కూడా ఇలాంటిదే. పాత గుర్తింపు కార్డు ఫోటోను స్టూడియోలో పెద్దది చేయించి, ముఖం తెల్లగా చేసి, వెనక నీలం రంగు వేశారు. అంత ఎత్తున, అంత తెల్లగా ఉన్న మనిషిని పాప ఏం గుర్తుపడుతుంది?

పుస్తకం తండ్రికి ఇచ్చేశాను. అది ఆయనకు పనికొచ్చింది. రాత్రుళ్లు మార్కెట్ లైన్‌లో బండిలో కూర్చుని చదువుకున్నానన్నాడు. వస్తువు మంచిదే, ఇవ్వాల్సిన మనిషి వేరు.

చాట, బియ్యం, చింతగింజలు

తర్వాతి సిట్టింగ్‌కు ఏ ప్రశ్నా అడగకూడదని నిర్ణయించుకున్నాను. అడిగిన కొద్దీ ఆ పిల్ల మూసుకుపోతోంది. వాళ్ల ఇంట్లోంచే చాట, శేరు బియ్యం, చింతగింజల సీసా తెప్పించాను. నా గదిలో బొమ్మలు ఎలాగూ ఉన్నాయి. చాప మీద అన్నీ పెట్టి, పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

పావుగంట దాకా ఏమీ లేదు. తర్వాత చిన్ని సీసా మూత తీసింది. గింజలు కుప్ప పోసి, తెల్ల వైపు పైకి వచ్చేలా ఒక్కొక్కటే తిప్పి పెట్టింది. బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టింది. ఒక్కో బొమ్మ వేలు బియ్యంలో పెట్టి గీయించింది. గీయించేటప్పుడు బొమ్మ వెనక వైపు నుంచి వంగి, గడ్డం దాని నెత్తి మీద ఆనించి పట్టుకుంది. ఆ పట్టు ఆ పిల్లది కాదు. ముప్పై ఏళ్లు ఒకే పని చేసిన మనిషి ఒడుపు అది. చూస్తూ కూర్చున్నాను.

ఒక బొమ్మను మాత్రం తలుపు బయట పెట్టింది. ఆ రోజు నేనేమీ అనలేదు. తర్వాతి వారం మళ్లీ అదే బొమ్మ బయట. మూడోసారి, రాళ్లు ఏరుతూనే, "అది లోపలికి రాదా?" అన్నాను.

"గా బొమ్మ మాట్లాడది."

"ఎందుకట్లా?"

"కచ్చి."

పక్కనున్న పెద్దవాళ్లకు కచ్చి అంటే ఆట. పిల్లలకు కాదు. చిటికెన వేలు చూపించి కచ్చి అన్నారంటే మాటలు బంద్. రెండు వేళ్లు కలిపి దోస్తీ అనేదాకా బంద్. ఎవరితో కచ్చి అని అడిగాను. చిన్ని చిటికెన వేలు చూపించింది, బొమ్మకు కాదు, ఖాళీ చాటకు.

ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ సాయంత్రం కథ చెప్పమంది. తల నొస్తుంది, రేపు చెప్తా అంది బాపమ్మ. నీతోని కచ్చి అంది చిన్ని. పొద్దున లేచి చూస్తే బాపమ్మ కళ్లు తెరిచే ఉంది, తననే చూస్తోంది, మాట్లాడలేదు. పిలిచింది, మాట్లాడలేదు. ఇంతలో ఎవరో వచ్చి ఎత్తుకుపోయారు.

ఆరేళ్ల పిల్ల లెక్క ఎంత సరిగ్గా ఉందో చూడండి. నేను కచ్చి అన్నాను, బాపమ్మ మాట్లాడటం మానేసింది. కచ్చి తెంచలేదు, చనిపోయింది. కాబట్టి నేనూ మాట్లాడకూడదు. ముఖ్యంగా హాజరు పిలిచే టీచర్‌తో.

తొందరపడకుండా ఉండటం

నీ తప్పేం లేదురా తల్లీ అని వెంటనే అనాలనిపించింది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. అంత తొందరగా అనేస్తే, పాప చెప్పింది వినడానికి నాకు ఓపిక లేదనే అర్థమవుతుంది. మళ్లీ నోరు మూసుకుంటుంది. ముందు మొత్తం చెప్పనిచ్చాను. "పిలిచినా పలకలేదని నీకు చాలా భయమేసింది" అన్నాను. అప్పుడు ఏడ్చింది. మే నుంచి ఆ పిల్ల ఏడవడం తల్లి చూడలేదట.

కారణం చెప్పడం తర్వాతి వారం. డ్రిప్పు పైపు ముక్క ఒకటి తెచ్చాను. మిర్చి చేలల్లో పెరిగిన పిల్ల, దానికి బాగా తెలుసు. నీళ్లు ఎక్కువ ఒత్తిడిగా చాలా రోజులు వస్తే పాత పైపు ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. చిట్లిన చోటు నుంచి అవతల చెట్టుకు నీళ్లు అందవు. బాపమ్మ తలలో మాట పుట్టే చోటు దగ్గర అలా చిట్లింది. మాట్లాడాలనుకున్నా మాట రాలేదు. నీ మీద కోపంతో కాదు. కచ్చి అంటే పైపు పగులుతుందా? పాప పైపును చెవి దగ్గర పెట్టుకుని, దాంతో చిన్నగా "కచ్చి" అంది. చూసింది. పగలలేదు. ఇంకోసారి గట్టిగా అంది.

ఇంతకుముందు ఎన్నిసార్లు కచ్చి అన్నావు బాపమ్మతో అని అడిగాను. "శానా." మరి తర్వాత? "మల్ల దోస్తీ." ఈసారి దోస్తీ కాలేదు. పాప మనసులో మిగిలింది అదే. నేనెంత చెప్పినా దాన్ని నేను చేయలేను.

రెండో పొరపాటు: తాతను పిలవకపోవడం

ఆరు సిట్టింగుల దాకా నేను తాతను పిలవలేదు. పెద్దాయన, మాట్లాడడు, చెవి కూడా సరిగా వినపడదు అన్నారు. సరే అనుకున్నాను. ఆ రాత్రి ఆ గదిలో ఇంకెవరున్నారు అని తల్లిని అడగడానికి నాకు అంతకాలం పట్టింది. పక్క మంచం మీద ఆయనే ఉన్నాడు.

ఏడో సిట్టింగ్‌కు వచ్చాడు. తెల్ల ధోవతి, కండువా, చేతిలో కర్ర. పాపను బయట కూర్చోబెట్టి, ఆ రాత్రి సంగతి అడిగాను. చిన్ని నిద్రపోయాక బాపమ్మ దుప్పటి సర్ది, ఈయనతో అందట: "పొద్దుగాల లేవంగనే అదే వచ్చి దోస్తీ అంటది సూడు." నవ్విందట.

నేను ఆగిపోయాను. ఆ మాట నిజమా, మనవరాలి మీద ప్రేమతో ఇప్పుడు కల్పించాడా? కల్పించిందైతే అది ఇంకో "ఊరికి పోయింది" అవుతుంది. అందుకని కటువుగా అనిపించినా అడిగాను: "తాతా, ఈ మాట నిజంగా అన్నదా?"

ఆయన చాలాసేపు కర్ర వైపు చూశాడు. "ఇంకో మాట గూడ అన్నది బిడ్డా. ఇయ్యాల గోలి ఏసుకోలే అన్నది. లేసి ఇద్దామనుకున్న. నిద్ర వట్టింది." కొంచెంసేపు ఆగి, "నేనే సంపుకున్న" అన్నాడు.

ఒక ఇంట్లో, ఒకే మనిషిని తామే చంపామనుకుంటూ ఇద్దరు నాలుగు నెలలుగా తిరుగుతున్నారు. ఒకరికి ఆరేళ్లు, ఒకరికి డెబ్భై. ఇద్దరూ మాటలు మానేశారు. పాప మౌనం గురించి నా ఫైల్‌లో పేజీలు ఉన్నాయి. తాత మౌనం గురించి ఒక్క వాక్యం ఉంది: "పెద్దగా మాట్లాడరు."

మందు విషయం నేను తేల్చేది కాదు. ఆయన్ని బీపీ చూసే డాక్టర్ దగ్గరికి పంపాను. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ రక్తనాళాలను పాడు చేస్తుందని, ఒక్క రాత్రి గోలి మీద ఈ చావును పెట్టలేమని ఆయన వివరంగా చెప్పారట. తాతతో నేను విడిగా మూడుసార్లు మాట్లాడాను. ఆయన తాళం వేసిన బాపమ్మ ట్రంకు పెట్టె ఆ తర్వాతే తెరుచుకుంది.

ఆ రాత్రి మాట పాపకు ఆయనే చెప్పాడు. ఎలా చెప్పాలో నేను నేర్పలేదు. నేను ఆ గదిలో లేను కూడా.

పెత్రమాస

అది సెప్టెంబర్ చివర. పెత్రమాస, అంటే పితృ అమావాస్య, దగ్గరికొచ్చింది. మన దగ్గర ఆ ఒక్క రోజులోనే రెండూ ఉంటాయి. పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పోయినవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చాక పూలు పేర్చడం. దుఃఖం గురించి నేను చదివిన పుస్తకాలు ఎంతో కష్టపడి చెప్పే మాటను ఈ తేదీ ఊరికే చెప్తుంది అనిపిస్తుంది నాకు.

ఏడాది తిరగని ఇంట్లో బతుకమ్మ పేర్వొద్దని ఇంటి పెద్దలు కొందరన్నారు. అందులో నేను తలదూర్చలేదు. ఆచారం వాళ్లది, దాన్ని నా చికిత్స కోసం వంచమనడం సరికాదు. పాపకు ఆ రోజు ఏదైనా ఒక పని ఇవ్వండి అని మాత్రం అడిగాను. దినాల్లో పాపను దూరంగా పంపేశారు, వీడ్కోలులో ఆ పిల్లకు చోటు లేకపోయింది. ఇప్పుడైనా ఉండాలి. వాళ్లే ఆలోచించుకున్నారు. ఇంట్లో బతుకమ్మ లేదు. పొద్దున బియ్యం ఇచ్చేటప్పుడు పాప తాత పక్కన ఉంటుంది. సాయంత్రం సెంటర్ దగ్గర పేర్చే బతుకమ్మకు గునుగు పూలు కోసుకెళ్లి ఇస్తుంది.

ఆ పొద్దున జరిగింది తల్లి చెప్పింది. తాత చాటలో బియ్యం పోశాడు. చిన్ని వచ్చి, బియ్యం మధ్యలో రెండు వేళ్లు కలిపి గుచ్చింది. తీసింది. రెండు వేళ్ల గుంట మిగిలింది. తాత దాన్ని చెరపకుండా అలాగే చాట ఎత్తి ఇచ్చేశాడు. అక్కడున్నవాళ్లలో తాతకూ తల్లికీ తప్ప ఎవరికీ అదేంటో తెలియదు.

తర్వాత

దసరా సెలవుల తర్వాత బడిలో హాజరుకు పలికింది, చాలా మెల్లగా. నేను బడివాళ్లతో ముందే మాట్లాడాను. పలకకపోతే నిలబెట్టొద్దని, చెయ్యెత్తితే చాలని. ఆ ఒత్తిడి తీసేశాకే మాట వచ్చింది. నవంబర్‌కు పక్క తడపడం ఆగింది. సంక్రాంతికి మళ్లీ వారం రోజులు కడుపునొప్పి. పండక్కి సకినాలు చుట్టే చేతుల్లో బాపమ్మ చేతులు లేవు మరి. ఇలా పండగలకు, మే నెలకు తిరగబెడుతుందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఇంటివాళ్లు కంగారు పడలేదు. మొత్తం పదమూడు సిట్టింగులు, ఆరు నెలలు.

ఒకటి మాత్రం ఆపించాను. తాత బీపీ గోలి రోజూ చిన్నే గుర్తు చేసి ఇస్తోందని తల్లి సంతోషంగా చెప్పింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒక రోజు పాప మర్చిపోయి, మర్నాడు తాతకు ఏమైనా అయితే? మళ్లీ మొదటికొస్తాం. పెద్దవాళ్ల ప్రాణాన్ని పిల్ల చేతిలో పెట్టొద్దని చెప్పాను. ఇప్పుడు గోలీల డబ్బా తాత చొక్కా జేబులో ఉంటోంది.

ఇలాంటి కేసు ఇప్పుడొస్తే మొదటి రోజే మూడు పనులు చేస్తాను. చావు గురించి ఇంట్లో ఎవరెవరు ఏం చెప్పారో విడివిడిగా రాసుకుంటాను. ఆఖరి రాత్రి ఆ గదిలో ఎవరున్నారో అడుగుతాను. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషిని ముందు పిలుస్తాను. జ్ఞాపకాల పుస్తకం చేయించినా, చనిపోయిన మనిషి కోపం, దగ్గు, అలవాట్లు చెప్పగలిగేవాళ్ల దగ్గరే మొదలుపెడతాను.

ఆఖరి సిట్టింగ్ వాళ్ల ఇంట్లోనే పెట్టుకున్నాం. గోడ మీది ఫోటో కిందికి దిగింది. దాని పక్కన, చిన్ని కళ్లకు అందే ఎత్తులో, ట్రంకు పెట్టెలో దొరికిన ఇంకో ఫోటో ఉంది. సెంటర్ ముందు బాపమ్మ ఎవరి మీదో కేకలేస్తోంది, నోరు తెరిచి ఉంది, చెయ్యి పైకి లేచి మసకగా పడింది. చిన్ని ఎంచుకున్నది అది. అరుగు మీద చాట పెట్టుకుని పక్కింటి పిల్లాడి చేత అక్షరం గీయిస్తోంది. వాడు కదిలితే నెత్తి మీద ఒకటి వేసింది.

బడిలో అందర్నీ మేడం అంటుంది. నన్నూ అంతే. టీచర్ అని మాత్రం ఎవర్నీ పిలవదు. బడిలో మిగతా పిల్లలంతా అలాగే పిలుస్తారని, ఈమె చేత కూడా అనిపించాలా అని తల్లి అడిగింది. వద్దన్నాను.